దిగిరాగలిగినంత ఎత్తు

ఒక కొండను గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా అడిగేది దాని ఎత్తు ఎంత, దానిని మొదట ఎవరు ఎక్కారు అన్నదే. ఎక్కినవారు ఎలా దిగివచ్చారన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆస్ట్రియా దేశపు యువకుడొకడు ఈ రెండో ప్రశ్ననే ప్రధానం చేసుకున్నాడు. తాడు సాయం లేకుండా మనిషి ఎంత కష్టమైన రాతిని క్షేమంగా దిగగలడో, అంత కష్టమైన దానినే ఎక్కాలని ఒక కట్టుబాటు విధించాడు. ఇతరులకు చెప్పడమే కాక తానూ దానికి కట్టుబడి జీవించాడు. ఆయన పేరు పౌల్ ప్రోయిస్. జీవించింది ఇరవై ఏడేళ్లు మాత్రమే. ఆయన లేవనెత్తిన వివాదం మాత్రం వంద సంవత్సరాలు గడిచినా సమసిపోలేదు.

ఆ వివాదం అర్థం కావాలంటే శిలారోహణంలో తాడు చేసే పని ఏమిటో ముందుగా తెలియాలి. నిలువుగా ఉన్న రాతిని ఎక్కేవాడు నడుముకు తాడు కట్టుకుంటాడు. కింద నిలిచిన సహచరుడు ఆ తాడును కొద్దికొద్దిగా వదులుతూ ఉంటాడు. ఎక్కేవాడు దారిలో కనిపించిన పగుళ్లలో ఇనుప మేకులు దిగగొట్టి, తాడును వాటికి తగిలిస్తూ పైకి సాగుతాడు. ఆఖరి మేకునుండి రెండు మీటర్లు పైకి వెళ్లిన తరువాత కాలు జారితే, ఆ రెండు మీటర్లు, మేకుకు దిగువన మరో రెండు మీటర్లు, మొత్తం నాలుగు మీటర్లు పడి తాడుకు వేలాడతాడు. మేకు ఊడకుండా, తాడు తెగకుండా ఉంటే బతికి బయటపడతాడు. ఈ పద్ధతిలో తాడు ప్రాణరక్షణ కోసమే; పైకి లేవడం మాత్రం చేతులతో, కాళ్లతోనే. దీనిని ఆంగ్లంలో ‘ఫ్రీ క్లైంబింగ్’ అంటారు. తాడు, మేకు, సహచరుడు ఎవరూ లేకుండా ఒంటరిగా ఎక్కడం ‘ఫ్రీ సోలో’. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచుగా జరిగే పొరపాటు. ఫ్రీ సోలోకు తెలుగులో స్థిరపడిన మాట లేదు. ‘నిరాలంబ ఆరోహణం’ అనవచ్చునని నాకు తోస్తుంది. ఆలంబనం లేనిది కాబట్టి నిరాలంబం. అందులో జారితే మధ్యలో ఆపేది ఏదీ ఉండదు.

పౌల్ ప్రోయిస్ 1886 ఆగస్టు 19న ఆస్ట్రియాలోని ఆల్టౌసే అనే పర్వత గ్రామంలో జన్మించాడు. తండ్రి హంగరీకి చెందిన యూదు కుటుంబీకుడు, సంగీత ఉపాధ్యాయుడు. ఆరేళ్ల వయస్సులో ప్రోయిస్‌కు పోలియో వంటి వ్యాధి సోకి శరీరం కొంత భాగం చచ్చుబడింది. కొంతకాలం చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. వ్యాయామంతో, పట్టుదలతో ఆ బాలుడు మెల్లమెల్లగా నడక నేర్చుకున్నాడు. తండ్రితో కలిసి కొండదారుల వెంట తిరుగుతూ మొక్కలను గుర్తించడం ఆ రోజులలోనే అలవడింది. పదేళ్లకే తండ్రి మరణించాడు. మొక్కలమీది ఆసక్తి మాత్రం పోలేదు. తరువాత వియన్నాలో వృక్షశరీరధర్మ శాస్త్రం చదివి, మ్యూనిక్‌లో డాక్టరేట్ పొందాడు. ఒకప్పుడు కుర్చీలోనుండి లేవలేని బాలుడు పెద్దవాడై సుమారు 1,200 పర్వతారోహణలు చేశాడని, వాటిలో 300 ఒంటరిగా చేసినవని, 150 అంతకుముందు ఎవరూ ఎక్కని మార్గాలని లెక్కగట్టారు.

ఆయన కీర్తి ఐరోపా అంతటా వ్యాపించినది 1911 వేసవిలో. ఆ జూలై 24న కైజర్ పర్వతాలలోని టోటెన్‌కిర్షుల్ పశ్చిమ ముఖాన్ని ఆయన ఒంటరిగా, తాడు లేకుండా, రెండు గంటల నలభై అయిదు నిమిషాలలో ఎక్కాడు. 1908లో ఆ ముఖాన్ని తొలిసారి ఎక్కిన బృందానికి నాయకుడు టీటా పియాజ్. ఈ పేరు గుర్తుంచుకోవలసినది; మళ్లీ వస్తుంది.

నాలుగు రోజుల తరువాత, జూలై 28న, ప్రోయిస్ తన సోదరి మీనాతో, మిత్రుడు పౌల్ రెల్లీతో కలిసి బ్రెంటా పర్వతాలలోని కాంపనీలే బాస్సోకు వెళ్లాడు. నేడు ఇటలీలో ఉన్న ఆ ప్రాంతం అప్పటికి ఆస్ట్రియా సామ్రాజ్యంలోనిది. కాంపనీలే బాస్సో అంటే పొట్టి గంటగోపురమని అర్థం. పేరు పొట్టిదే కాని, అది సుమారు మూడు వందల మీటర్లు నిటారుగా నిలిచిన రాతి స్తంభం. 1899లో మొదటిసారి దాని శిఖరాన్ని చేరినవారు ఎక్కువ దూరం ఇతర పార్శ్వాలగుండా వెళ్లారు. పై భాగంలోని తూర్పు ముఖం నూట ఇరవై మీటర్ల సూటి గోడ. దానిని అంతవరకు ఎవరూ ముట్టలేదు. సోదరిని, మిత్రుని ఒక చదునైన అంచుమీద నిలిపి, ప్రోయిస్ ఆ గోడపైకి ఒంటరిగా బయలుదేరాడు. సుమారు రెండు గంటలలో శిఖరం చేరాడు. ముందుగా చూసిన దారి కాదు, పట్టు ఎక్కడ దొరుకుతుందో చెప్పినవారు లేరు. ఒక్కొక్క మెట్టు పరిశీలించి, వెనుకకు రాగలనన్న నమ్మకం కుదిరిన తరువాతనే పైకి కదలడం ఆయన పద్ధతి.

ఇది చదివి ఆయనను దుస్సాహసిగా భావించడం సులభం. ఆయన రచనలు చదివినవారికి అలా అనిపించదు. అదే ఏడాది ఆగస్టులో ఒక జర్మన్ పర్వతారోహణ పత్రికలో, ఎత్తైన కొండలపై కృత్రిమ సాధనాల వాడకాన్ని ప్రశ్నిస్తూ ఆయన ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ కాలం అటువంటిది. సరిగ్గా అప్పుడే మేకు కొత్త రూపం దాల్చింది. హాన్స్ ఫీష్టల్ అనే ఆరోహకుడు తల, కన్ను ఒకే ముక్కగా ఉండే గట్టి మేకును తయారు చేయించాడు. ఓటో హెర్జోగ్ అగ్నిమాపక సిబ్బంది వాడే స్ప్రింగు కొక్కేన్ని కొండమీదికి తెచ్చాడు. దానితో తాడును మేకుకు క్షణంలో తగిలించవచ్చు. హాన్స్ డ్యుల్ఫర్ తాడుకు వేలాడుతూ నున్నని రాతిని అడ్డంగా దాటే ఉపాయం కనిపెట్టాడు. ఇవన్నీ కలిసినప్పుడు, పట్టు దొరకని చోట మేకు కొట్టి దానిని పట్టుకొని లేవడం సాధ్యమైంది. మేకులు తగినన్ని ఉంటే ఎక్కలేని గోడ అంటూ ఉండదు. ప్రోయిస్ ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. మేకులు దట్టించి ఎక్కినప్పుడు గెలిచింది మనిషా, కమ్మరి కొలిమా?

ఆయన తన అభిప్రాయాన్ని ఆరు నియమాలుగా క్రోడీకరించాడు. ఎక్కదలచిన కొండకు ఆరోహకుడు సమానుడు కావడం చాలదు, దానిని మించినవాడై ఉండాలన్నది మొదటిది. శక్తి అంతా ఖర్చయ్యేంత కష్టమైన దానికి పూనుకోరాదని దీని తాత్పర్యం. తాడు లేకుండా క్షేమంగా దిగగల కష్టమే ఎక్కవలసిన కష్టానికి హద్దు అన్నది రెండోది. తక్కినవాటికి మూలమిదే. రాతిని దిగడం ఎక్కడంకంటె కష్టమని అనుభవం లేనివారికి తోచదు. ఎక్కేటప్పుడు పట్టు కళ్లెదుట ఉంటుంది. చేయి చాపితే తెలుస్తుంది. దిగేటప్పుడు పాదం మోపవలసిన చోటు శరీరం చాటున ఉంటుంది. కాలితో తడిమి తెలుసుకోవాలి. ఈలోగా బరువంతా చేతులమీద పడుతుంది. అందువల్ల దిగగలిగినంతే ఎక్కాలన్న నియమం మనిషిని తన శక్తికి ఎంతో దిగువన నిలుపుతుంది. ప్రోయిస్ కోరిన రక్షణ అదే.

భారతంలోని అభిమన్యుని కథ మీరు ఎరిగినదే. పద్మవ్యూహంలోకి చొచ్చుకుపోవడం తెలుసునని, వెలికి రావడం తెలియదని అతడు ధర్మరాజుతో ముందే చెప్పాడు. వెన్నంటి వస్తామన్న పెదతండ్రుల మాటపై భారం వేసి లోపలికి వెళ్లాడు. సైంధవుడు ఆ వచ్చేవారిని ద్వారంలోనే ఆపివేశాడు. అభిమన్యుని పరాక్రమాన్ని ఎవరూ శంకించరు. లోపం ఎక్కడుందంటే, తన చేతిలో లేని సాయాన్ని నమ్ముకొని అడుగు వేయడంలో ఉంది. ప్రోయిస్ దృష్టిలో మేకును నమ్మి ఎక్కేవాడి స్థితి ఇంచుమించు ఇటువంటిది. మేకు ఊడిపోవచ్చు, తాడు రాతి అంచుకు కోసుకుపోవచ్చు. నాటి తాళ్లు జనపనారవి. గట్టిగా పడిన మనిషి బరువుకు తెగిపోవడం వింత కాదు.

ఆయన తాడునూ మేకునూ పూర్తిగా నిషేధించాడనడం సరికాదు. ప్రాణాపాయం ముంచుకు వచ్చినప్పుడు కృత్రిమ సాధనం వాడవచ్చునన్నాడు. మేకు ఆపద్ధర్మమే తప్ప ఆరోహణ పద్ధతికి పునాది కారాదన్నాడు. తాడు ప్రయాణాన్ని సులువు చేయవచ్చు. తాడు లేకపోతే అసలు ఎక్కడమే సాధ్యం కాదన్న స్థితి మాత్రం రాకూడదు. సోదరితో, మిత్రులతో వెళ్లినప్పుడు ఆయన తాడు వాడేవాడు. ఆఖరి నియమం రక్షణను గురించినది. రక్షణ అత్యున్నత నియమాలలో ఒకటని ఆయనే రాశాడు. తన అధైర్యాన్ని సాధనాలతో కప్పిపుచ్చుకోవడం రక్షణ కాదని, తన శక్తిని, పూనుకొన్న పనిని సరిగ్గా తూచి చూసుకోవడమే అసలైన రక్షణ అని ఆయన అభిప్రాయం. నిరాలంబ ఆరోహకుడు రక్షణను గురించి ఇంతగా ఆలోచించడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. నాకు మాత్రం ఆయన రచనలో అన్నిటికంటె విలువైన భాగం ఇదే అనిపిస్తుంది.

వ్యాసం వెలువడగానే వాదం చెలరేగింది. జర్మన్ భాషలో దానికి ‘మేకుల వివాదం’ అనే పేరు స్థిరపడింది. టీటా పియాజ్ గట్టిగా ఎదిరించాడు. ఆయన సామాన్యుడు కాడు. అనేక నూతన మార్గాలు సాధించిన మార్గదర్శి. ఒక్క మేకు ప్రాణం కాపాడగలిగినప్పుడు దానిని వద్దనడం అమానుషమని, ఇంటివద్ద ఎదురుచూసేవారి ఎడల మనిషికి బాధ్యత ఉందని, ప్రోయిస్ వంటి సామర్థ్యం లేని యువకులు ఆయనను అనుకరించి ప్రాణాలు పోగొట్టుకుంటారని పియాజ్ వాదించాడు. ఫ్రాంజ్ నీబెర్ల్ మధ్యస్థంగా మాట్లాడాడు: ఆదర్శం ఉన్నతమైనదే కాని, అందరికీ శాసనంగా పనికిరాదన్నాడు. 1912 ఆరంభంలో మ్యూనిక్‌లో ఆరోహకులు సమావేశమై ఈ విషయం చర్చించారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేకపోయారు. అంత తీవ్రమైన వాదం జరిగినా ప్రోయిస్, పియాజ్ మిత్రులుగానే ఉండిపోవడం మెచ్చదగినది. నేటి వాదప్రతివాదాలను చూసేవారికి అది కొంత ఆశ్చర్యం కూడా.

పియాజ్ మాటలో న్యాయం లేకపోలేదు. శిలారోహణం నేర్చుకొనేవారికి తాడు, శిక్షకుడు తప్పనిసరి. ఈ విషయంలో రెండో మాటకు తావు లేదు. ప్రోయిస్ నియమాలు ఆరితేరినవారిని ఉద్దేశించినవి. కాని ఒక నియమం లోకంలోకి వెళ్లిన తరువాత దానిని ఎవరు చదువుతారో రచయిత చేతిలో ఉండదు. ఈ చిక్కును ప్రోయిస్ పూర్తిగా పట్టించుకోలేదేమోనని నా అనుమానం.

1912 ఆగస్టు 15న జరిగిన ఒక ఘోరం ఈ వాదంలోని మరో కోణాన్ని చూపింది. ఆల్ప్స్ పర్వతాలలోని మోన్ బ్లాన్ ప్రాంతంలో ప్రోయిస్ కొందరు మిత్రులతో కలిసి ఒక శిఖరం ఎక్కుతున్నాడు. వారు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం బోధించే హెచ్.ఓ. జోన్స్, అదే నెలలో ఆయనను వివాహమాడిన మ్యూరియల్, వారి మార్గదర్శి ట్రూఫర్. ఆ ముగ్గురూ ఒకే తాడుకు కట్టుకొని ఉన్నారు. ప్రోయిస్ తాడు లేకుండా విడిగా ఎక్కుతున్నాడు. మార్గదర్శి పట్టుకున్న రాయి ఊడి ఆయన పడిపోయాడు. తాడు తక్కిన ఇద్దరినీ లాగివేసింది. వందల మీటర్ల దిగువన ఉన్న హిమానీనదంపై ముగ్గురూ పడి మరణించడం ప్రోయిస్ కళ్లారా చూశాడు. కాపాడవలసిన తాడే ముగ్గురికీ మృత్యుపాశమైంది. తాడు గట్టి ఆధారానికి తగిలించి లేనప్పుడు, ఒకరి పాటు అందరి పాటు అవుతుంది. దీనిని బట్టి తాడు చెడ్డదని తీర్మానించరాదు. తాడు ఉంది కదా అని రక్షణ ఉన్నట్లు భావించరాదని మాత్రం తెలుస్తుంది.

మరుసటి ఏడాది అక్టోబరు 3న ప్రోయిస్ ఆస్ట్రియాలోని గోసౌకామ్ పర్వతశ్రేణిలో మాండల్‌కోగెల్ ఉత్తర ధారను ఎక్కడానికి ఒంటరిగా వెళ్లాడు. తిరిగి రాలేదు. వెదకడానికి వెళ్లినవారికి కొన్ని రోజుల తరువాత, కొత్తగా కురిసిన మంచు కింద ఆయన శరీరం దొరికింది. సుమారు మూడు వందల మీటర్ల ఎత్తునుండి పడిపోయాడు. ఏం జరిగిందో చూసినవారు లేరు. రాయి ఊడిందా, మంచు పేరుకున్న చోట కాలు జారిందా అన్నది ఊహకే మిగిలింది. ఆయనను పుట్టిన ఊరు ఆల్టౌసేలోనే ఖననం చేశారు.

ఆ మరణంతో ఆయన సిద్ధాంతం ఓడిపోయిందని కొందరు అప్పుడే అన్నారు. ఈ ప్రశ్న నేటికీ తరగతి గదిలో అడగదగినదే. ఒక్క పతనం వల్ల ఒక నియమం తప్పని తేలదు. తాళ్లు కట్టుకొని పడినవారి సంఖ్య తక్కువేమీ కాదు. అయినా ప్రోయిస్ నియమంలో ఒక లోపం ఉంది. నీ శక్తిని సరిగ్గా తూచుకొమ్మని అది చెబుతుంది. తూచేవాడు, తూగేవాడు ఒక్కడే. ఏ తులాభారంలోనూ ఇటువంటి ఏర్పాటు నమ్మదగినది కాదు. అలసట, చలి, అంతకుముందరి విజయాలు కలిగించే ధీమా అన్నీ ఆ త్రాసును ఒక వైపుకు వంచుతాయి. నిరాలంబ ఆరోహణంలో ఒక్కసారి లెక్క తప్పితే దిద్దుకోవడానికి రెండో అవకాశం లేదు. పైగా రాయి ఊడడం వంటివి మనిషి సామర్థ్యానికి లోబడినవి కావు. నియమం ఎంత గట్టిదైనా ప్రకృతి దానిపై సంతకం చేయలేదు.

ఆయన మరణించిన మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. వివాదంలో పాల్గొన్న తరంలో అనేకులు నేలకొరిగారు. డ్యుల్ఫర్ 1915లో యుద్ధరంగంలో మరణించాడు. యుద్ధానంతరం జర్మనీ, ఆస్ట్రియాల పర్వతారోహణ సంఘాలలో యూదు ద్వేషం పెచ్చరిల్లింది. 1921నుండి సంఘ శాఖలు యూదులను బహిష్కరించసాగాయి. యూదులు అధికంగా ఉన్న ఒక శాఖను 1924లో పూర్తిగా వెలివేశారు. యూదు తండ్రికి పుట్టిన ప్రోయిస్ పేరును ఆ వాతావరణంలో తలచుకొనేవారు కరవయ్యారు. కొండలపై మేకుల సంఖ్య పెరిగింది. రాతికి తొలిచి బిగించే బోల్టులు వచ్చాక, పగులు కూడా లేని నున్నని గోడలను సైతం నిచ్చెనలా ఎక్కడం మొదలైంది.

ప్రోయిస్‌ను తిరిగి వెలుగులోకి తెచ్చినవారిలో ప్రముఖుడు ఇటలీకి చెందిన రైన్‌హోల్డ్ మెస్నర్. బోల్టులు అసాధ్యమన్నదానినే హత్య చేస్తున్నాయని ఆయన యౌవనంలోనే నిరసించాడు. 1978 మే 8న పీటర్ హాబెలర్‌తో కలిసి కృత్రిమ ప్రాణవాయువు లేకుండా ఎవరెస్టును అధిరోహించాడు. సాధనాన్ని తగ్గించుకొని మనిషి కొలతను నిలుపుకోవాలన్న ఆ ఆలోచనలో ప్రోయిస్ జాడ స్పష్టంగా కనిపిస్తుంది. మెస్నర్ 1986లో ప్రోయిస్‌ను గురించి ఒక పుస్తకమే ప్రచురించాడు.

అమెరికాలోని యోసెమిటీ లోయలో జాన్ బాకర్ అనే ఆరోహకుడు 1970 దశకంలో నిరాలంబ ఆరోహణానికి కొత్త ప్రాచుర్యం తెచ్చాడు. ఒక రోజంతా తాడు లేకుండా తనను అనుసరించగలిగినవారికి పదివేల డాలర్లు ఇస్తానని 1981లో ప్రకటన అంటించాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఆయన కూడా 2009 జూలై 5న ఒంటరిగా ఎక్కుతూ పడి మరణించాడు. అదే లోయలో సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎల్ కాపిటాన్ శిలను అలెక్స్ హానల్డ్ 2017 జూన్ 3న తాడు లేకుండా 3 గంటల 56 నిమిషాలలో ఎక్కాడు. దానిని చిత్రీకరించిన ‘ఫ్రీ సోలో’ 2019లో ఆస్కార్ బహుమతి పొందింది. హానల్డ్ పద్ధతి ప్రోయిస్ పద్ధతికి భిన్నం. ప్రోయిస్ తెలియని గోడను చూసి ఎక్కాడు. హానల్డ్ అదే మార్గాన్ని తాడు కట్టుకొని పదేపదే సాధన చేసి, ప్రతి పట్టునూ కంఠస్థం చేసినట్లు నేర్చుకొన్న తరువాతనే తాడు విడిచాడు. కొండను మించినవాడై ఉండాలన్న మొదటి నియమాన్ని ఇది మరో దారిలో పాటించడమే.

ఆ చిత్రంలో ఒక ఘట్టం ఉంది. 2016 శరత్తులో ఒక వేకువజామున, ఇంకా చీకటి ఉండగానే, హానల్డ్ తొలి ప్రయత్నానికి బయలుదేరాడు. చీలమండ గాయం ఇంకా పూర్తిగా మానలేదు. కొంత ఎత్తు వెళ్లి, నున్నని వాలు రాతిపై పాదం మీద నమ్మకం కుదరక ఆగిపోయాడు. చుట్టూ చిత్రీకరణ బృందం సిద్ధంగా ఉంది. ఆయన అక్కడితో ప్రయత్నం మానుకొని వెనుకకు వచ్చేశాడు. ప్రోయిస్ ఉండి ఉంటే శిఖరం చేరిన జూన్ ఉదయంకంటె, తిరిగివచ్చిన ఈ ఉదయాన్నే ఎక్కువసేపు చూసేవాడనిపిస్తుంది.